అబ్బులు బండి కందెన

ఎదుటివాడి ఇరుసు కిర్రుమంటే అబ్బులుకి పళ్లు జివ్వుమంటాయి. ద్రాక్షారామం దారిలో ఎవరి బండి మూలిగినా తన ఎడ్లను ఆపి దిగి, పంచె ఎగదోపి, చక్రం పక్కన గొంతుక్కూర్చుంటాడు. "ఆముదంలో గడ్డి మసి కలిపి పెట్టండి. నూనె ఒక్కటే పోస్తే పూటలో కారిపోద్దండి." మంచంలో నల్లులకు మరుగునీళ్లు, గూట్లో చీమలకు పసుపు కూడా అడక్కుండానే చెబుతాడు. చెబుతున్నంతసేపూ చూపుడువేలు గాలిలో చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. ఆనకట్టకు రాళ్లు తోలిన తండ్రినాటి సొంత బండికి కందెన పెట్టడానికి మాత్రం అతనికి తీరిక దొరకదు. అది వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోకి వినిపిస్తుంది.

మొన్న కాలవ లాకుల దగ్గర దాని మోత విని ఎవరో నవ్వారని దానికీ కందెన పెట్టాడు. ఆ సాయంత్రం చప్పుడు లేకుండా ఇల్లు చేరేసరికి, అరుగుమీద భార్య సుబ్బాయమ్మ అచ్చం అతనిలాగే గొంతుక్కూర్చుని వేలు తిప్పుతోంది. "నూనె ఒక్కటే పోస్తే పూటలో కారిపోద్దండి!" చుట్టూ ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పెళ్లయిన ఇరవయ్యేళ్లలో ఆమె ముఖం అంతగా వెలగడం అబ్బులు చూడలేదు. ఎవరి కంటా పడకుండా ఎడ్లను వెనక్కి మళ్లించి, వీధి మొదట్లో ఆగి, ఇరుసు తుడిచి గుప్పెడు ఇసుక చల్లాడు.

కిర్రుమంటూ మళ్లీ వచ్చేసరికి అరుగు ఖాళీ.

"మన బండిక్కూడా కాస్త కందెన పెట్టకూడదేంటండీ?" అంది సుబ్బాయమ్మ, కొంగు సర్దుకుంటూ.

"రేపు పెడతాలే" అన్నాడు అబ్బులు.