అమ్మకు చూపించిన చీరలు

ఆ రోజు నేను చేసిన తప్పు, నవ్వుతున్న మా అమ్మ మీద అరవడం.

బరంపురంలో మాది పట్టుచీరల కొట్టు. కరోనా ఏడాది కొట్టు మూతపడ్డాక, ఎలకలు కొరుకుతాయని సరుకంతా ఇంటికి తెచ్చి మంచాల మీద పేర్చాం. ఏ ఫోన్ మోగినా ఎవరో పోయారన్న కబురే. ఇంట్లో ఒకరితో ఒకరు మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. అలాంటి మధ్యాహ్నం మా అమ్మాయి నానమ్మకి ఎర్రంచు చీర కట్టి అద్దం ముందు నిలబెట్టింది. అమ్మ సిగ్గుపడుతూ నవ్వుతోంది.

"కొట్టు మడత విప్పేస్తే ఇంకెవులు కొంటారు? బుద్ధుండక్కర్లేదా?" అన్నాను.

అమ్మ లోపలికెళ్లి చీర మార్చుకుంది. విప్పినదాన్ని మడవబోయి, మడత కుదరక, నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

"అత్తయ్య ఏనాడైనా మన కొట్లో నచ్చిన సీర ఏరుకున్నారేటి? ఎవులూ కొననివే కదా ఇన్నాళ్లూ కట్టారు!" అంది నా భార్య.

నిజమే. మంచిది గిరాకీకి, మచ్చపడింది ఇంటికి. మా నాన్న నాటి నుంచీ అదే పద్ధతి. నాకెప్పుడూ అది తప్పనిపించలేదు.

సాయంత్రం హాల్లో, చీరలు పరిచి చూపించే కొట్టు పరుపు వేసి, గిరాకీని పిలిచినట్టు అమ్మని పిలిచాను. "రండమ్మా, కూకోండి. ఏటి సూపించమంటారు?"

అమ్మ వచ్చి కూర్చుంది. "ఆ అడుగునున్నవి తియ్యి. పైవన్నీ పాత సరుకులాగున్నాయి."

పిల్ల కిసుక్కుమంది. నేను ఒక్కొక్కటే విప్పి పరిచాను. చాలాసేపటికి అమ్మ వంకాయరంగు చీర మీద చెయ్యి వేసి, ఇక తియ్యలేదు. దాన్ని ఆమె చేతికిచ్చి, కట్టుకుని రమ్మన్నాను.