తాగని చెంబు నీళ్లు

కామారెడ్డిలో ఒక చిన్న ల్యాబులో నా ఉద్యోగం. నీళ్లు, మట్టి, రాళ్లు పరీక్షిస్తాం. నా పనేమిటో చెప్తే మా చుట్టాలు "ఇంత చదివి రాళ్లు కొట్టుకునుడా?" అని నవ్వుతారు. నవ్వనీ. ఆ నవ్వులు నాకు లెక్కలేదు. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఎల్లారెడ్డి అవతలి పల్లెలో ఒక అవ్వ ఇచ్చిన చెంబెడు నీళ్లు.

ఆ పల్లె పక్కన రాళ్ల క్వారీ ఉంది. పనికొచ్చే రాయి లారీలెక్కి పోతుంది, పనికిరానిది అక్కడే గుట్టగా పోస్తారు. ఆ గుట్టలో నల్లరాయి, దాని మీద ఇత్తడి రజనులా మెరిసే చుక్కలు. అలాంటి రాయి గాలికీ వానకీ కరిగి ఒక్కోసారి కింది నీళ్లను పాడుచేస్తుంది. గుట్ట దిగువనే అవ్వ బావి. ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తే, ఆ రాయిని సంచులకెత్తి తేవడానికి నేను వెళ్లాను.

మంచి ఎండాకాలం. సంచులు నింపేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది. తమాషా చూడ్డానికి ఊళ్లో సగం మంది చేరారు. వాళ్ల మధ్యలోంచి అవ్వ బావి నీళ్ల చెంబుతో వచ్చింది.

"ఎండల బడి అచ్చినవ్, తాగు బిడ్డా."

మా దిక్కు ఇంటికొచ్చినవాళ్లకు ముందు నీళ్లు, తర్వాతే మాటలు. అది నాకు తెలియదా? అయినా "వద్దవ్వా, నా దగ్గరున్నయ్" అని బ్యాగులోంచి సీసా తీసి, అందరి ముందూ గటగటా తాగేశాను. ఏ ఊరికి వెళ్లినా పరీక్షించే చోటి నీళ్లు తాగకూడదు అని మాకో నియమం ఉంది. ఆ ముక్కయినా చెప్పి ఏడవలేదు. అసలు నేను వద్దన్నది నియమం గుర్తొచ్చి కాదు, భయమేసి. అవ్వ ఆ నిండు చెంబు అలాగే వెనక్కి పట్టుకుపోయింది.

బావి నీళ్లు ఈరోజు ఎలా ఉన్నాయో చెప్పడం తేలిక. ఆ రాయి మీద వానలు పడీపడీ రేపు ఏం దిగుతుందో చెప్పడమే కష్టం. రాయిని దంచి గాజు గొట్టంలో నింపాలి. వారం వారం పైనుంచి నీళ్లు పోసి, కిందికి దిగిన నీళ్లు పుల్లబడ్డాయా, వాటిలో లోహాలేమైనా కలిశాయా అని చూడాలి. ఇలా నెలలు గడుస్తాయి. తొందరపడితే లాభం లేదు.

వానలు మొదలయ్యాక గుట్ట కింద కారే నీళ్లు పట్టుకు రావడానికి మళ్లీ వెళ్లాను. అవ్వ కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తోంది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఆ బర్రె పాలతోనే ఆమె ఇల్లు గడుస్తుంది.

"ఏం బిడ్డా, మా నీళ్లల్ల ఇసమున్నదా?"

"ఇంకా తెల్వదవ్వా. పరీక్ష నడుస్తున్నది."

"నీకే తెల్వకపాయె, మరి ఊరికెట్ల తెలిసింది? పరీక్ష జేసే మేడమే తాగలేదట అంటుండ్రు. లింగంపేటల హోటలాయన నా పాలు వద్దన్నడు. బర్రె గా నీళ్లే తాగుతదాయె."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు చెంబు అడిగి తాగుదామా? తాగితే నీళ్లు మంచివని నేను చెప్పినట్టు. రేపు ఫలితం చెడ్డగా వస్తే? తాగకపోతే చెడ్డవని చెప్పినట్టు, అది ఇప్పటికే చెప్పేశాను. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. "మంచిగనే అయితది తీయవ్వా" అని గొణిగి జీపెక్కాను.

మంచిగానే అయింది. ఆ రాయిలోనే పులుపును విరిచే సున్నం పాళ్లు చాలినంత ఉన్నాయి. వానలెన్ని పడ్డా బావికి భయం లేదని ఖాయం చేసుకున్నాక, అవ్వకు ఫోన్ చేసి చెప్పి, మర్నాడు ఎగురుకుంటూ వెళ్లాను.

కొట్టంలో గుంజ ఉంది. బర్రె లేదు.

"అమ్మిన బిడ్డా. పాలు పారబోసుకుంట ఎన్నొద్దులు సాదాలె?" అంది, కోపమేమీ లేకుండా. తిట్టినా బాగుండేది. లోపలికి వెళ్లి మూత తీయని నీళ్ల సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకనే తెప్పిచ్చిన. దుకాన్లది, మంచి నీళ్లు."

సిగ్గుతో చచ్చిపోయాను. సీసా అరుగు మీద పెట్టేసి, "అవ్వా, బావి నీళ్లియ్యి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి చెంబు తెచ్చింది. ఎత్తిన చెంబు దించకుండా అడుగుదాకా తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

అవ్వ ఖాళీ చెంబు అందుకుని, ఎవరూ లేని వాకిలి వైపు చూసింది.

"ఇప్పుడు తాగితే ఎవ్వలు జూసిండ్రు బిడ్డా? గానాడు ఊరంత జూసె."