పదమూడో పేరు

డెబ్బైల చివర వేప్పనపల్లి దగ్గర ఒక పల్లెలో మూడో తరగతికి టీచరుగా ఉన్నాను. ఒక ఆదివారం మా తరగతి సుగుణ మామిడితోట బావిలో పడి చనిపోయింది.

"ఆ పిల్ల పేరెత్తొద్దమ్మా, పిల్లోళ్ళు జడుసుకుంటారు" అన్నారు హెడ్మాస్టరు. అదే మంచిదనుకున్నాను. ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే ఎక్కాలు అప్పజెప్పమనేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు పదమూడో పేరు దాటేసేదాన్ని.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం పరధ్యానంలో "సుగుణ" అనేశాను.

"ఉన్నాను టీచరమ్మా."

అచ్చం సుగుణ గొంతు. తలెత్తి చూశాను. ఎవరు పలికారని అడిగాను. చివరికి సుగుణ పక్కన కూర్చునే మునెమ్మ లేచి నిలబడింది.

"నేనే పలికినానమ్మా. నెల దినాలు పలక్కపోతే పేరు కొట్టేస్తారని మీరే చెప్పినారు కదా. మీరు ఎప్పుడు పిలుస్తారా అని దినామూ కాచుకోనుండాను."

ఆ పిల్ల కంట్లో తడి లేదు. ఏడవకూడదని నేర్పింది నేనే.

ఆ రోజు పుస్తకాలు మూయించి, సుగుణ గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పమన్నాను. మొదట మునెమ్మ ఏడ్చింది. తర్వాత అందరం ఏడ్చాం.

ఇరవై ఏళ్ళు దాటాయి. ఇప్పుడు హోసూరులో వేరే బడి, వేరే పిల్లలు. దిగులుగా ఉన్న పిల్లను ముందుగా నా పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడనిస్తాను, పాఠం తర్వాతే. అయినా హాజరు పిలిచేటప్పుడు పదమూడో పేరు దగ్గర నా గొంతు ఆగుతుంది. ఆ గొంతే పలుకుతుందేమోనని.