కరీముల్లా పడవ విమానం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఉంటే ఇన్నేళ్ళుగా బందరులో అన్ని దయ్యాల కథలు కల్పించి చెప్పగలిగేవాణ్ణి కాదు. లడ్డూలు చుట్టీ చుట్టీ విసిగినవాడు లడ్డూ ముట్టుకుంటాడా? ఈ ఒక్కటి మాత్రం నేను కల్పించలేదు. కల్పించిందైతే ఇంతకన్నా బాగా ఉండేది.

కరీముల్లా నాకు చిన్నప్పటి స్నేహితుడు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ గాజులకు పూత వెయ్యడం అతని పని. తీరిక దొరికితే బొమ్మ విమానాలు చేసేవాడు. చివరగా మొదలుపెట్టింది నీళ్ళమీద వాలే పాతకాలపు విమానం. దానికి చక్రాలుండవు, అడుగు అచ్చం పడవలా ఉంటుంది. అసలు దానికి డెబ్బై రెండో వంతు కొలతలో చేస్తే రెక్కలు మూరెడు వచ్చాయి. నాలుగు ఇంజన్లూ ఇత్తడివి. పంకాలకు రోల్డ్‌గోల్డ్ పూత.

పడవ భాగాన్ని మాత్రం పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఒకాయనకు అప్పగించాడు. ఆయన టేకుచెక్కను లోపల తొలిచి, పైన నున్నగా చెక్కాడు. అంతా అయ్యాక, పెద్ద అచ్చుల్లో గాలి పోవడానికి పెట్టే బెజ్జాలు అలవాటుకొద్దీ దీనికీ పెట్టేశాడు. సరిగ్గా అడుగున, వరసగా.

"బావా, ఇది గాల్లో ఎగరదు, నీళ్ళలో తేలదు. అచ్చం నీ మాటల్లాగే ఉంది చూడు!" అని కరీముల్లా పడీపడీ నవ్వాడు. బెజ్జాలు లక్కతో పూడుస్తానన్నాడు. అది కృష్ణలో తేలుతుంటే చూడాలని ఒకటే ఆరాటం. పూడ్చకముందే గుండెపోటుతో పోయాడు.

అతని భార్య మస్తాన్‌బీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక ఆ గడువు తీరేదాకా గడప దాటదు, పరాయి మగవాళ్ళ ఎదుటపడదు. తెర వెనక నుంచే విమానం నా చేతికి అందించింది.

"మునుగుద్దని తెలుసన్నయ్యా. ఒక్కసారి ఏట్లో నీళ్ళు తాకించి తీసుకురండి. ఎట్టా ఉందో వచ్చి చెప్పండి, చాలు."

అవనిగడ్డలో బస్సు మారి నాగాయలంక వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, కృష్ణ రేవులో ఎవరూ లేరు. విమానం తోకకు పురికొస కట్టి, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి వదిలాను. మునిగితే అందుకుందామని చెయ్యి కిందే పెట్టుకున్నాను.

మునగలేదు.

ముక్కు కాస్త ఎత్తి ఎగువకు తిరిగింది. గాలి ఆడటం లేదు. పంకాలు నాలుగూ తిరిగాయి. అవి తిరిగేవి కావు, కరీముల్లా వాటిని జిగురుపెట్టి అంటించడం నేను చూశాను. తాడు బిగిసేదాకా ఏటికి ఎదురు వెళ్ళి, ఆగి, దానంతటదే వెనక్కొచ్చి నా మోకాలికి ఆనుకుంది.

ఎత్తి చూశాను. బెజ్జాలు తెరిచే ఉన్నాయి. లోపల చుక్క నీరు లేదు. అడుగు కూడా తడవలేదు. జేబులో ఫోనుంది, వీడియో తియ్యాలన్న ఆలోచనే రాలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

సాయంత్రం తెర ఇవతల కూర్చుని, విమానం తిరిగి ఆమెకు అందించి, ఒక్క ముక్క కలపకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. అవతల చెక్క మీద వేళ్ళు పాకుతున్న చప్పుడు వినిపించింది.

"తడవనే లేదుగా అన్నయ్యా," అంది మెల్లగా. "ఏటిదాకా వెళ్ళలేకపోయారా? పోనీలెండి. పంకాలు తిరిగినయ్యన్న చోట ఆయనుంటే ఎంత నవ్వేవారో."

ఒట్టు వెయ్యబోయాను. నా ఒట్లన్నీ ఆ ఇంట్లోవాళ్ళు ఎప్పుడో వినేశారు.

గడువు తీరాక, ఆమె ఎదుటే పెరట్లో గంగాళం నిండా నీళ్ళు పోసి, విమానం వదిలాను. బుడబుడమంటూ అడుక్కి పోయింది.

మస్తాన్‌బీ దాన్ని పైకి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ రోజు మీరు చెప్పిందే బాగుందన్నయ్యా. ఇంకోసారి చెప్పండి," అంది.

చెప్పాను. ఈసారీ ఏమీ కలపలేదు. మంచి కథ విన్నట్టు ఆమె నవ్వుతూ వింది. బెజ్జాల్లోంచి నీళ్ళు ఆమె చీర మీదికి కారుతూనే ఉన్నాయి. ఆ రోజు ఎందుకు కారలేదో నాకు తెలియదు.