రెండో మూట కట్టని ఏడాది

మా అత్త దాన్ని క్రిస్మస్ పుడ్డింగ్ అనదు, మూటకేకు అంటుంది. పిండిని గుడ్డలో మూటగట్టి ఆవిరి మీద ఉడికిస్తుంది కాబట్టి ఆ పేరు. ఆవిడ తల్లి ఒకప్పుడు వాల్తేరులో ఎవరో రైల్వే దొర ఇంట్లో వంట చేస్తూ నేర్చుకుందట. అందులో పడాల్సినవి ఎండుద్రాక్ష, ఖర్జూరం, నారింజ తొక్క, జాజికాయ. ఈ ఇనుప గనుల ఊరు కిరందుల్ వచ్చాక అత్త సగం ద్రాక్ష తీసేసి, సంతలో దొరికే ఎండు ఇప్పపువ్వు సన్నగా తరిగి వేయడం మొదలుపెట్టింది. "ద్రాచ్చ కంటే ఇదే బాగుంటాది, ఏటి?" అని అందర్నీ అడిగేది. కాదనే ధైర్యం ఎవరికుంది?

నాది భోపాల్‌పట్నం. కోడలిగా ఈ రైల్వే క్వార్టర్‌కి వచ్చిన కొత్తలో నేను "ఏంది?" అంటే, అత్త "ఏంది కాదే, ఏటి" అని దిద్దేది. నేను దిద్దుకుంటే కదా! నాది అసలే పెడసరం నోరు. ఇరవై రెండేళ్ళలో ఆవిడా మారలేదు, నేనూ మారలేదు. మధ్యలో మా ఆయన మాత్రం ఇద్దరి మాటా కలిపి మాట్లాడేవారు. మాకు పిల్లల్లేరు. ఆ ఇంట్లో ఉన్నది మేం ముగ్గురం.

ఆయన వానాకాలంలో పోయారు. డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ అలాగే ఒరిగిపోయారు. గుండె అన్నారు. తర్వాత ఆయన బదులు నాకు స్టేషన్లో పని ఇచ్చారు, కాబట్టి క్వార్టర్ నిలిచింది. అందరూ నన్ను గట్టి మనిషి అన్నారు. గట్టీ లేదు, మట్టీ లేదు. నాకేమీ అనిపించడం లేదు, అంతే. ఏడుపు రాలేదు. కూరలో ఉప్పు లేకపోతే తెలిసేది కాదు. డ్యూటీకి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని, అత్త పెట్టింది తినేదాన్ని, గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. ఆవిడ కన్నకొడుకు పోయాడని, ఆవిడకీ ఓ మాట కావాలని నాకు తట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

నవంబర్ చివరి ఆదివారం గుడి నుంచి రాగానే అత్త పిండి పళ్ళెం ముందేసుకుంది. ఆ ఏడు ఇంటి మీద నక్షత్రం కట్టకూడదని ముందే అనుకున్నాం. కేకు కూడా మానేద్దామన్నాను.

"పండక్కి వచ్చినోళ్ళ సేతిలో ఏటి పెడతావు, నీ మొగమా?" అంది అత్త. "కేకు మానేస్తే ఆడికి కోపమొస్తాది."

సరే, ఆవిడ ఇష్టం. రొట్టె పొడి, మైదా, బెల్లం, నెయ్యి, గుడ్లు అన్నీ వేసి కలిపింది. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ గరిటె ఒక్కో చుట్టు తిప్పాలన్నది ఆవిడ నియమం. ఆవిడ తిప్పింది, నేను తిప్పాను. మూడో చుట్టు ఎవరు తిప్పాలో ఇద్దరికీ తెలుసు, ఇద్దరం గరిటె ముట్టుకోలేదు.

ఏటా ఆ పిండితో రెండు మూటలు కట్టేవాళ్ళం. పెద్దది క్రిస్మస్‌కి వచ్చే అతిథులకి. చిన్నది డబ్బాలో పెట్టి దాచి ఈస్టర్ రోజు మేం ముగ్గురమే కోసుకునేవాళ్ళం. ఈస్టర్ మూట ఇంట్లోవాళ్ళది, బయటివాళ్ళకి ఒక్క ముక్క కూడా పెట్టనిచ్చేది కాదు అత్త.

ఆవిడ చెయ్యి వణుకుతుందని కొన్నేళ్ళుగా కట్టడం నా పని. ఆ రోజు కూడా అత్త రెండు గుడ్డలు వేణ్ణీళ్ళలో ముంచి నాకందించింది. నేను ఒకటి తీసుకుని, నీళ్ళు పిండేసి, మైదా చల్లి పరిచాను. పళ్ళెంలో ఉన్నదంతా ఊడ్చి అందులోకే వేసేశాను.

"రెండోది కట్టవేటే?"

"ఒక్కటి చాలు అత్తమ్మా. ఎవరు తింటరు?"

ఆవిడ రెండో గుడ్డ చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత దాన్ని పిండి, వెనక దండెం మీద ఆరేసి వచ్చింది. నేను మూట బిగించి, పెద్ద డేక్సాలో పళ్ళెం బోర్లించి దాని మీద పెట్టి మూతేశాను. ఆరు గంటలు ఉడకాలి. మధ్యమధ్యలో వేణ్ణీళ్ళు పోస్తూ ఉండాలి. పోశాను. నాకు తెలిసి ఆ రోజు జరిగింది అంతే.

రెండ్రోజులు పోయాక అత్త అంది, బావగారు క్రిస్మస్‌కి వస్తున్నారని. బావగారంటే ఆయన అన్నయ్య, విజయనగరంలో ఉంటారు. "వచ్చి నన్ను తీసుకెళ్తాడట. ఇంక అక్కడే" అంది, బియ్యంలో రాళ్ళేరుతూ.

ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు పోయినప్పుడు తప్ప నాలుగేళ్ళుగా తల్లి ముఖం చూడని పెద్దమనిషికి ఇప్పుడు ప్రేమ పొంగుకొచ్చిందా? బావగారి మీద కోపం వచ్చింది కానీ, "పోకు అత్తమ్మా" అన్న మాట మాత్రం నోట్లోంచి రాలేదు. సొంత కొడుకు పిలుస్తున్నాడు, వెళ్ళాలని ఉంది కాబట్టే చెబుతోంది, నేనెవర్ని ఆపడానికి అనుకున్నాను. "మీ ఇష్టం" అన్నాను. ఎప్పుడూ 'నువ్వు' అనే నేను, ఆ పూట 'మీ' అన్నాను. ఆవిడ తలెత్తకుండా రాళ్ళేరుతూనే ఉంది.

ఆ నెలంతా ఆవిడ పెట్టె సర్దుతూ ఉంటే నేను చూస్తూ ఉన్నాను. చీరలు, బైబిలు, కళ్ళజోడు, ఆయన చిన్నప్పటి ఫొటో. ఆవిడ వెళ్ళిపోతే ఆ రెండు గదుల్లో నేనొక్కదాన్నే ఉంటానని తెలుసు. తెలిసినా అది ఎవరి సంగతో విన్నట్టే ఉండేది.

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక సంఘం వాళ్ళు పదిమంది దాకా వచ్చారు. బావగారు ముందురోజే దిగారు. మూట మళ్ళీ రెండు గంటలు ఆవిరి మీద పెట్టి, విప్పి, పళ్ళెంలో బోర్లించాను. బంతిలా ఉబ్బి, నల్లగా నిగనిగలాడుతోంది. కోస్తే తెలిసింది సంగతి. పైన మూడు వేళ్ళ మందం ఉడికింది, నడిమధ్యలో ముద్దముద్దగా పచ్చిపిండి.

మా సంఘం వాళ్ళు మర్యాదస్తులు. చుట్టూ కొరుక్కు తిని "బాగుందమ్మా" అన్నారు. బావగారికి అంత మొహమాటం లేదు.

"ఇదేంటి, ఉడకలేదు? ఎప్పుడూ రెండు కట్టేదానివి కదమ్మా?"

"ఈసారి కోడలు ఒకటే కట్టింది" అంది అత్త.

"ఓ, అందుకా!" అన్నారు బావగారు. నా వైపు తిరిగి, మామూలుగా, చెంచా నాకుతూ అన్నారు. "అమ్మ ఫోన్ చేసి, ఈస్టర్‌కి మీ ఇంట్లో ఉంటాను, వచ్చి తీసుకెళ్ళు అంటే నాకు అర్థం కాలేదు. నువ్వు పొమ్మన్నావేమో అనుకున్నానమ్మాయ్, ఏమీ అనుకోకు."

నేను పళ్ళేలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అత్త నా వెనకే వచ్చింది.

"నువ్వే ఫోన్ చేసినవా? బావగారే రమ్మన్నడని చెప్పినవ్ గద?"

"నానే సేసాను. మూట కట్టిన సాయంత్రమే."

"ఎందుకు అత్తమ్మా?"

"ఎందుకేటి? ఈస్టర్‌కి ఈ ఇంట్లో నాకు ముక్క లేదని నువ్వే సెప్పావు కదే."

"నేనెప్పుడన్న? ఒక్కటి చాలన్న, గంతే!"

"గుడ్డ పట్టుకోని నీ మొగంకేసి సూసాను. నువ్వు సూడలేదు." అత్త గొంతు పెంచలేదు. "కొడుకు పోయాక కోడలింట్లో ముసల్దానికి హక్కేటుంటాదే? ఉండమంటే ఉంటాది. నువ్వంటావేమోనని నెల్లాళ్ళు సూసాను ఒలమ్మీ. మీ ఇష్టం అన్నావు."

ఐదు నెలల తర్వాత నా ఒంట్లో ఏదో కదిలింది, అది భయం. "ఉండు అత్తమ్మా" అన్నాను. "నాకెవరున్నరు? నువ్వు పోతే నేను చచ్చిపోత."

"సావవులే" అంది అత్త. తడిచేత్తో నా బుగ్గ నిమిరింది. "పిలిపించినోడిని ఉత్త సేతుల్తో పంపితే బాగుంటాదేటి? ఈపాలికి ఎల్తాను. నువ్వు పిలు. పిలిస్తే వత్తాను."

మర్నాడు పొద్దున్నే బండెక్కించాను. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసి రమ్మంటున్నాను. ఇరవై రెండేళ్ళలో ఆవిడతో అంత మెత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. చలి తగ్గనీ అంది. ఈస్టర్ వెళ్ళిపోయింది. ఎండలు తగ్గనీ అంది. అవీ తగ్గాయి.

మొన్న ఆదివారం ఫోన్‌లో వెనక బావగారింటి పిల్లల గోల వినిపిస్తోంది. టికెట్ నేనే తీస్తాను, వచ్చి తీసుకొస్తాను అన్నాను.

"ఈళ్ళు రోజూ ఉండమంటన్నారే అమ్మీ" అంది అత్త.

"అట్లనే ఉండు అత్తమ్మా" అన్నాను.