నేతిలో వేయించిన ఆకు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుండగా, నన్ను భూపాలపల్లి జిల్లాలోని ఒక ప్రభుత్వ దవాఖానకు ఫార్మసీ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు పెద్దదే గాని, ఊళ్లవాళ్లకు నేను మందులిచ్చే సారునే.

ఒక మధ్యాహ్నం పిల్లల డాక్టరమ్మ కబురు పంపింది. కాటారం వైపు నుంచి ఒక అవ్వ నాలుగేళ్ల మనవరాలిని తెచ్చింది. పిల్లకు మూర్ఛ; సిరప్ నా కౌంటర్ నుంచే పోతోంది. ఇప్పుడు ఎంత పిలిచినా కళ్లు తెరవడం లేదు. ఇంట్లో ఏం పెట్టావని అడిగితే అవ్వ నోరు విప్పడం లేదు. అది తెలియకపోతే చికిత్స ఎటు నడపాలో తెలియదు. సిరప్ మోతాదు మించిందేమో చూసే పని నాకు పడింది.

సీసాలో ఉండాల్సినంత మందు ఉంది. అవ్వ పక్కన కూర్చుని, మా సిరప్‌తో ఫిట్స్ తగ్గాయా అని అడిగాను.

"తగ్గలే సారు. పట్నంల గంజాయితోని గీ బీమారికి మందు చేస్తున్నరని బస్సుల ఎవరో అన్నరు. పచ్చిది మంచిది కాదని నెయ్యిల దోరగ ఏంచి పెట్టిన. పోలీసోళ్లకు చెప్పకు."

బస్సులో విన్నది అబద్ధం కాదు. ఆంగ్లేయుల కాలంలోనే కలకత్తాలో ఒక వైద్యుడు పసిపిల్ల మూర్ఛకు గంజాయి టింక్చర్ వాడి చూశాడు. నేటి మందులోనైతే గంజాయిలోని మత్తెక్కించని పదార్థం కన్నాబిడియోల్‌ను వేరుచేసి, శుద్ధిచేసి, పిల్ల బరువును బట్టి ఇస్తారు. పచ్చి ఆకులో మత్తు పదార్థం చాలావరకు ఆమ్లరూపంలో ఉంటుంది, అది మత్తెక్కించదు. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి అసలు మత్తు తయారవుతుంది. అది నీళ్లలో కరగదు, నెయ్యిలో ఇట్టే కరుగుతుంది. దోషం పోతుందని పాత వైద్యులూ ఆ ఆకును నేతిలో వేయించేవారు. పాపం, అవ్వ తీసుకున్న జాగ్రత్తే మత్తును పెంచింది.

సంగతి తెలియగానే డాక్టరమ్మ సెలైన్ పెట్టించి, ఊపిరినీ గుండెనూ కనిపెట్టుకుని ఉంది. పోలీసుల మాట ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పిల్ల లేచి జావ తాగింది. అవ్వ కౌంటర్ దగ్గరకొచ్చింది.

"నేను ఏంచకపోతే గింత కాకపోతుండె గద సారు?"

నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఇంత మత్తు ఎక్కకపోతుండె అవ్వా. ఫిట్స్ మాత్రం ఎట్లయినా ఆగకపోతుండె."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మరి మీ మందుతోని తగ్గలేదని ఎవలకు చెప్పాలె సారు? ఎవలు అడగకపోతిరి."

అప్పుడే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లి మందు మార్పించాను. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, కొత్త చీటీ చదివే ముందు పాత మందు పనిచేసిందా అని ప్రతి ఒక్కరినీ అడిగాను. లేదన్నవాళ్లు నేననుకున్నదానికంటే ఎక్కువ.