రంగం వెళ్ళిన బొంత

1967 జూన్‌లో నన్ను శ్రీకాకుళంలో కొత్తగా తెరిచిన కుట్టు శిక్షణ కేంద్రానికి క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్‌గా వేశారు. అంతకు ముందు విజయనగరంలో ఒక ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా పనిచేసేదాన్ని. కుట్టుపనిలో లోయర్, హయ్యర్ పరీక్షలు రెండూ ప్యాసైనవాళ్లు అప్పట్లో మా వైపు తక్కువ. అందుకే కాబోలు, అనుభవం పెద్దగా లేకపోయినా కేంద్రం నా చేతికి వచ్చింది.

అది బర్మా నుంచి తిరిగి వచ్చిన తెలుగు కుటుంబాల ఆడవాళ్ల కోసం పెట్టిన కేంద్రం. మా వైపు ఎవరూ రంగూన్ అనరు, రంగం అంటారు. తాతల కాలం నుంచి మనుషులు రంగం వెళ్లి బియ్యం మిల్లుల్లోనూ రేవులోనూ పనిచేసి, కొందరు అక్కడే స్థిరపడ్డారు. అక్కడ ప్రభుత్వం మారి బతుకుతెరువు పోయాక వాళ్లందరూ ఓడల మీద వెనక్కి రావలసి వచ్చింది. కాందిశీకులని వాళ్లకు పేరు. అరసవల్లి వెళ్లే దారికి కాస్త ఎడంగా వాళ్లకు ఒక కాలనీ కట్టారు. దాని మొదట్లోనే మా కేంద్రం: రెండు గదుల పెంకుటిల్లు, కాలితో తొక్కే మిషన్లు కొన్ని, బట్ట కత్తిరించే పొడుగు బల్ల ఒకటి.

నా పైన ముఖ్యసేవిక, ఆవిడ పైన జిల్లా మహిళా సంక్షేమాధికారి. శిక్షణ ఒక వరసలో సాగేది. ముందు పాత పేపర్ల మీద కొలతలు గీసి కత్తిరించడం, తర్వాత లంగా, జాకెట్టు, నిక్కరు, అన్నిటికీ చివర చొక్కా. చొక్కా కాలరు ముడతల్లేకుండా నిలబడితే శిక్షణ అయిపోయినట్టే. పరీక్ష ప్యాసైనవాళ్లకు ఇంటికి మిషను ఇచ్చేవారు. చేతికుట్టుకు వారంలో ఒక మధ్యాహ్నమే కేటాయించారు. కాజాలు, హెమ్మింగు, కాస్త ఎంబ్రాయిడరీ, అంతే.

రాములమ్మ ఆ మొదటి జట్టులో చేరింది. నలభై ఏళ్లుంటాయి. పుట్టిల్లు శ్రీకూర్మం దాటాక సముద్రం వైపు ఒక చిన్న ఊరు. పెళ్లయిన ఏడాదే భర్త వెంట రంగం వెళ్లింది. భర్త అక్కడ బియ్యం మిల్లులో పనిచేస్తూ పోయాడు. ఒక్కగానొక్క కూతురు పైడమ్మ అక్కడే పుట్టి పెరిగి, తండ్రి తెలుగు, తల్లి బర్మా మనిషి అయిన ఒక కుర్రవాణ్ణి చేసుకుంది. అతను ఆ దేశపు పౌరుడు. అందుకని కూతురు అక్కడే ఉండిపోయింది, తల్లి ఓడ ఎక్కింది. ఈ సంగతంతా చేరిన కొత్తలో ఒక్కసారి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మళ్లీ ఎత్తలేదు.

మిషను మీద ఆమెకు మనసు నిలిచేది కాదు. చేతికుట్టు మధ్యాహ్నం మాత్రం అందరికంటే ముందు వచ్చి గుమ్మం దగ్గర వెలుతురు పడేచోట కూర్చునేది. ఒకరోజు చంకలో ఒక బొంత చుట్ట పెట్టుకుని వచ్చింది. బొంత అంటే మనకు తెలిసిందే, చిరిగిన చీరలూ పంచెలూ పొరలు పొరలుగా వేసి వరసగా సన్నటి కుట్లు వేసుకుంటూ పోతే తయారయ్యే దుప్పటి. కానీ ఆమె తెచ్చినది కప్పుకునేది కాదు. పైపొర ఉతికిన తెల్ల పంచె. దాని మీద నల్లటి గీతలతో ఒక దారి, ఒక ఒడ్డు, ఒక గోపురం గీసి ఉన్నాయి. ఆ గీతలు దేనితో గీసిందని అడిగితే, చాకలివాళ్లు బట్టలకు గుర్తులు పెట్టే నల్లజీడితో అంది. అది ఎన్ని ఉతుకులు పడ్డా పోదు.

ఒడ్డు చూసి, రంగంలో వాళ్లుండిన వీధి కుడుతోందనుకున్నాను. అదే అడిగాను.

రాములమ్మ సూది ఆపి నవ్వింది. "రంగం ఎందుకు కుడతానమ్మా? మా గుంట పైడమ్మ అక్కడే ఉన్నాది గదా, దానికి రంగం తెలీదేటి? దానికి తెలీంది మనూరు. అమ్మా, మీ ఊరెలాగుంటాదే అనీసి సిన్నప్పట్నుంచీ అడుగుతుండేది. నోటితో ఎంతని సెప్తాను?"

బొమ్మ గీసి పంపితే సరిపోదా అన్నాను.

"బొమ్మ కంటికే గదా టీచరమ్మా. ఇది సేత్తో తడుముకోవాల. మన ఇసకెలాగుంటాదో, గోగునారెలాగుంటాదో దాని సేతికి తెలాల."

తల్లికి ఏ అక్షరమూ రాదు. కూతురికి వచ్చినది బర్మా అక్షరం. ఇంకొకరి చేత రాయించి, ఇంకొకరి చేత చదివించుకునే ఉత్తరంలో ఏ మాట మిగులుతుంది? ఆ బొంత ఎందుకో అప్పుడు నాకు తెలిసింది.

ఆ రోజు నుంచి నేనూ అందులో చెయ్యిపెట్టాను. ఆమెకు ఏం కావాలో తెలుసు, ఆ వస్తువులు బట్ట మీద ఎలా నిలుస్తాయో నాకు తెలుసు. నారను సూదిలో గుచ్చి లాగితే పీచులు లేస్తాయి. అందుకని నారను బట్ట మీద పరిచి, సన్నటి దారంతో అడ్డంగా కుట్లు వేసి బిగించడం చూపించాను. ఇసకకు చింతపిక్కల పిండి ఉడికించి జిగురు చేశాం, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపాం. గవ్వలు బరువుకి బట్టను లాగేస్తుంటే వెనక గోనెగుడ్డ ముక్క వేసి కుట్టాం. సముద్రానికి నీలం చీరముక్కలు చాలక, తెగిన వలదారం విప్పి అలలుగా పరిచింది. గోపురానికి తాటాకు చీలికలు. అరసవల్లి సూర్యుడి కోసం మాత్రం ఆమె పెట్టెలోంచి ఒక పసుపు గౌను తీసింది. పైడమ్మ చిన్నప్పటిది. కత్తెర నా చేతికిచ్చి, గుండ్రంగా కత్తిరించమని, తను గుమ్మం అవతలికి వెళ్లి నిలబడింది. నేను కత్తిరించాక లోపలికి వచ్చి, ముక్క చేతిలోకి తీసుకుని, "దీన్ని సూడగానే పోల్సుకుంటాది" అంది.

ఒక ఆదివారం ఇద్దరం బస్సులో శ్రీకూర్మం వెళ్లి, అక్కణ్ణుంచి వాళ్ల ఊరికి నడిచాం. తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. ఇల్లు పడిపోయిందని ఆమెకు కబురు తెలుసు గాని చూడలేదు. ఆ చోట నిలువెత్తు గోగుచేను ఉంది. రాములమ్మ చేలోకి దిగి మొక్కల మధ్య అటూ ఇటూ నడిచింది. "ఇక్కడ అరుగు. ఇదిగో, ఇక్కడ పొయ్యి" అని చేత్తో చూపించింది. నేను గట్టు మీదే ఉండిపోయాను. చేను గలాయన్ని అడిగి కొన్ని గోగుకర్రలు తెచ్చుకుంది, చెరువులో నానవేసి నార తీయడానికి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, జ్ఞాపకం ఉన్న ఇంటినే కుట్టమని సలహా ఇచ్చాను. కూతురికి చూపించవలసింది తల్లి పుట్టిన ఇల్లే గదా.

"లేని ఇల్లెలా కుడతానమ్మా?" అంది. "రేపు అదొచ్చి, ఏదే అమ్మా ఇల్లంటే ఏటి సెప్పను? ఉన్నాదే కుడతాను. సేను కుడతాను."

కూతురు వస్తుందన్న మాట ఆమె నోట వినడం అదే మొదటిసారి. రావడానికి దారి లేదని మా ఇద్దరికీ తెలుసు. బొంత మధ్యలో, ఇల్లుండవలసిన చోట, ఆకుపచ్చ రంగు అద్దిన గోగునారతో చేను మొలిచింది. పరీక్షకు ఆ బొంతనే ఆమె చేతికుట్టు కింద లెక్కగట్టాను, నిబంధనల్లో దానికి వీలుంది. చొక్కా కూడా కుట్టింది. కాలరు ఒకవైపు కాస్త వాలింది గాని ప్యాసైంది, మిషను వచ్చింది.

ఆ చలికాలంలో సంక్షేమాధికారి మా కేంద్రం తనిఖీకి వచ్చారు. ఆవిడ మంచి మనిషి, పనిని గుర్తించే మనిషి. చొక్కాలూ లంగాలూ చూసి, బొంత దగ్గర చాలాసేపు ఆగిపోయారు. విజయనగరంలో చేతిపనుల ప్రదర్శన జరగబోతోందనీ, దీన్ని తప్పకుండా పంపాలనీ అన్నారు. రాములమ్మ నా మొహం చూసింది. ప్రదర్శన అయ్యాక తిరిగి ఇచ్చేస్తారంటే సరేనంది.

బొంత వెళ్లిన తర్వాత, ప్రదర్శన నడుస్తుండగానే, రాములమ్మ పొద్దున్నే మా అద్దె గదికి వచ్చింది. వెంట ఆమె అన్న కొడుకు సూరి. సూరి ఓడ మీద ఖలాసీ. వాళ్ల ఓడ రంగం వెళ్తోందనీ, మర్నాడు సాయంత్రం విశాఖపట్నం రేవు వదులుతుందనీ చెప్పాడు. "ఇంకో ఓడెప్పుడో తెలీదు టీచరమ్మా. అసలు ఉంటాదో ఉండదో" అన్నాడు.

రాములమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను చీర మార్చుకుని, సూరిని రేవుకు పంపేసి, ఆమెతో విజయనగరం రైలెక్కాను.

ప్రదర్శన హాల్లో బొంతను ఎదురుగోడకు, నిలువుగా, గుండుసూదులతో బిగించి పెట్టారు. జనం వచ్చి నారను తడిమి, గవ్వలు నొక్కి చూసి వెళ్తున్నారు. కింద అట్టముక్క మీద చక్కటి అక్షరాలతో 'బర్మా జ్ఞాపకాలు' అని రాసి ఉంది. రాములమ్మకు చదవడం రాదు. ఏటి రాసినారని అడిగింది. చెప్పాను. కాసేపు చూసి, "అయ్యో, శ్రీకూర్మం గోపురం పోల్సుకోనేదా ఎవులూ?" అంది. కోపంగా కాదు, నిజంగా ఆశ్చర్యంగా.

సంక్షేమాధికారి దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. మర్నాడు పెద్ద అధికారులు వస్తున్నారు, బహుమతికి దీన్నే అనుకుంటున్నాం, అది కూడా అయ్యాక తీసుకెళ్లండి అన్నారు. మామూలుగా అయితే నేను అంతటితో వెనక్కి వచ్చేదాన్ని. కింది ఉద్యోగి పై అధికారి మాటకు రెండోసారి అడ్డు చెప్పడం అప్పట్లో మర్యాద కాదు. ఆ రోజు మళ్లీ చెప్పాను. ఇది గోడకు పెట్టడానికి కుట్టినది కాదండీ, ఒక అమ్మాయి చేతికి అందడానికి కుట్టినది, ఓడ రేపే వెళ్లిపోతుంది అన్నాను.

ఆవిడ రాములమ్మ వైపు తిరిగి, మీ అమ్మాయి ఎప్పటికైనా వస్తుందా అని అడిగారు.

"రావాలంటే ముందు ఊరు తెలాల గదమ్మా" అంది రాములమ్మ.

అధికారి బల్ల ఎక్కి గుండుసూదులు ఒక్కొక్కటే తనే తీశారు. బొంతను మడిచి రాములమ్మ రెండు చేతుల్లో పెట్టారు. మర్నాడు ఖాళీగోడకు ఆవిడ ఏం జవాబు చెప్పుకున్నారో నాకు తెలియదు. నాకు మెమో ఏదీ రాలేదు.

విశాఖపట్నంలో రేవు గేటు బయట సూరి మా కోసం నిలబడి ఉన్నాడు. బొంత అతనికిచ్చే ముందు రాములమ్మ ఒక మూల విప్పి చూపించింది. సముద్రానికి పక్కన జానెడు మేర గీతలే ఉన్నాయి, కుట్టు లేదు. తొందరలో మిగిలిపోయిందనుకున్నాను.

"నానే ఒగ్గీసినాను" అంది. నీలం దారం ఎక్కించిన సూదిని ఆ మూల గుచ్చింది. "మా గుంట కూడా కుట్టాల. అప్పుడే గదా దానూరూ అవుతాది." తర్వాత సూరితో, "ఒరే, తడవనీకు. దాని సేతికే ఇయ్యాల" అని రెండుసార్లు చెప్పింది. సూరి గేటు లోపలికి వెళ్లిపోయాడు. కూతురు తనను సాగనంపినప్పుడు ఇలాగే ఒక గేటు బయట నిలబడిపోయిందని ఆమె అప్పుడు చెప్పింది.

తిరుగు రైల్లో, ఆ అట్టముక్క మీద ఏం రాసి ఉండవలసిందని అడిగాను.

"రాయడానికేటున్నాది? ఇదే మనూరు, బేగి రావే అని."

అప్పటికి మా ఆయన భిలాయిలో పనిచేస్తున్నారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు కలిసేవాళ్లం. నేను వారంవారం రాసే ఉత్తరాల్లో వంటల సంగతీ ఆరోగ్యం సంగతీ తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఆ మాట విన్నాక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఎండలు ముదిరాక సూరి తిరిగి వచ్చాడు. ఆ వీధిలో పైడమ్మ వాళ్లు లేరు. నది ఎగువన ఉన్న ఇంకో పట్నానికి పనికోసం వెళ్లిపోయారని పొరుగు ఇంటి ముసలామె చెప్పిందట. ఓడ ఆగేది తక్కువ రోజులు. అంత దూరం వెళ్లి వెతికే వీలు లేక, ఎవరైనా అటు వెళ్తే చేరుస్తానన్న ఆ ముసలామెకే బొంత ఇచ్చి వచ్చేశాడు. చెబుతూ తల ఎత్తలేకపోయాడు. రాములమ్మ అతనికి అన్నం పెట్టింది. ఆ ముసలామె పేరేమిటి, ఏ రంగు గుమ్మం, బొంతను విప్పి చూసిందా అని మాత్రం అడిగింది. విప్పి చూసిందనీ, నారను తడిమిందనీ అతను చెప్పాడు.

ఆ తర్వాత కాలనీకి కొత్తగా కుటుంబం ఏది వచ్చినా రాములమ్మ మిషను ఆపి లేచి వెళ్లేది. ఎగువ పట్నం నుంచి ఎవరైనా వచ్చారా అని అడిగి, తిరిగి వచ్చి వదిలిన చోటినుంచే కుట్టేది. రానురాను ఆ వచ్చేవాళ్లూ తగ్గిపోయారు. 1969లో నాకు పార్వతీపురం బదిలీ అయింది. అప్పటివరకు జవాబు రాలేదు. తర్వాత వచ్చిందో లేదో తెలియదు. నేను మళ్లీ కాలనీకి వెళ్లేసరికి రాములమ్మ అక్కడ లేదు. అన్న వాళ్ల దగ్గరికి వెళ్లిందని ఒకరు, పాతపట్నం వైపు ఎవరికో వంటకు కుదిరిందని ఇంకొకరు అన్నారు. బొంత చేరిందేమో, ఆ మూల కుట్టు పడిందేమో అని ఇప్పటికీ ఒక్కో మధ్యాహ్నం అనిపిస్తుంది.

మిగిలిన ఉద్యోగకాలంలో చాలా ప్రదర్శనలకు చాలామంది పని పంపాను. ఆ పనిని పంపే ముందు కుట్టిన మనిషిని పిలిచి, ఇది ఏమిటి, ఎవరికోసం అని అడిగి, చెప్పిన మాటనే అట్ట మీద రాయించేదాన్ని. ఆ మనిషికి ఇంకా అవసరమున్న వస్తువును, ఎంత బాగున్నా, గోడకు పంపలేదు.